వంతు తప్పిన గొడుగులు

"గోడా! గంజిలో ఉప్పు చాల్లేదని ఆ పిల్లతో చెప్పు."

మామగారు శంకుణ్ణి గోడ వైపే చూస్తూ అన్నాడు. వంటింటి గడపలో నిలబడ్డ కోడలు అనఘ, గోడ ఆ మాట తనకు చేరవేసేదాకా ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, ఉప్పు గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"గోడా! ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పారు కదా అని అచ్ఛన్‌ను అడుగు," అంది. మామగారినీ ఆమె తండ్రిని పిలిచినట్టే అచ్ఛన్ అంటుంది.

"గోడా! ఆ డాక్టరు పడమటి వాడ వాడని చెప్పు."

అత్తగారు తంకమణి అప్పడం వేయిస్తున్నదల్లా గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "ఆ గోడకు ఈ ఏడైనా సున్నం వేయించండి. పాపం, ఇంటెడు మాటలూ అదే మోస్తోంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు, నవ్వితే ఓడిపోయినట్టవుతుందని.

ఆదివారం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. ఆ రోజు భోజనాల దగ్గర అనఘ అడగకూడని మాట అడిగింది. "అచ్ఛా, ఈసారి మన ఆఖరి గొడుగు దేంతో చేశారు? పట్టుగుడ్డా, రేకా?"

నెల్లిక్కావులో మొగుడు పెళ్ళాన్ని వయసు అడగవచ్చు, అల్లుడు మామను ఆస్తి అడగవచ్చు. గుడి ఉత్సవమైన పూరానికి ముందు గొడుగు సంగతి మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. తూర్పు వాడ ఏనుగులు పదిహేను, పడమటి వాడ ఏనుగులు పదిహేను ఎదురెదురుగా బారులు తీరి, వాటి మీద నిలబడ్డ మనుషులు రంగురంగుల గొడుగులు మార్చి మార్చి ఎత్తుతూ పోటీపడే ఆ ఒక్క సాయంత్రం కోసమే ఊరు ఏడాదంతా బతుకుతుంది. ఆఖరి గొడుగు ఏమిటన్నది కుట్టినవాడికీ వాడి సూదికీ తప్ప తెలియకూడదు.

తూర్పు వాడ గొడుగులు కుట్టేది శంకుణ్ణి. గొడుగు లేచేదాకా నోరు విప్పనని ఏటా దీపం ముందు ఒట్టు పెట్టుకుంటాడు. కట్టుకున్న పెళ్ళాన్ని కూడా కుట్టు గదిలోకి రానివ్వడు. పైగా అడిగిందెవరు? పడమటి వాడ మేళంలో చెండ డోలు వాయించే భార్గవ మారార్ కూతురు. పెళ్ళయి మూడేళ్ళయినా, పూరం నెల వచ్చేసరికి ఆమె మళ్ళీ శత్రువుల ఇంటి పిల్ల అయిపోతుంది.

అనఘ అడిగింది తండ్రికి మోసెయ్యడానికి కాదు. నిరుడు గొడుగుల వేళకు మైదానంలో ఒక్క ఫోనూ పలకలేదు. తప్పిపోయినవాళ్ళను మైకులో అరిచి వెతకాల్సి వచ్చింది. కొచ్చిలో ఆటల మైదానాల్లో వేల ఫోన్లు ఒకేసారి పనిచేసేలా చూడటం అనఘ ఉద్యోగం కాబట్టి, ఈ ఏడు ఆ భారం రెండు వాడల పెద్దలూ కలిసి ఆమె నెత్తిన పెట్టారు. ఆ రెండు వాడలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలని ఊళ్ళో చెప్పుకున్నారు.

మొదట తనూ తప్పు చేసింది. ఎత్తుగా వెదురు గడ పాతి దాని కొసన యాంటెన్నా కట్టింది. ఖాళీ మైదానంలో పరీక్షిస్తే ఆహా అన్నట్టు పనిచేసింది. ధ్వజారోహణ నాడు జనం వచ్చారో లేదో, చచ్చి ఊరుకుంది. అంత ఎత్తున కూర్చున్న యాంటెన్నాకు మైదానంలోని ప్రతి ఫోనూ వినిపిస్తుంది. వెయ్యిమంది పిల్లలు ఒకేసారి అమ్మా అంటే ఏ తల్లి ఎవరికని పలుకుతుంది?

మర్నాడే దాన్ని పీకించేసి, కొబ్బరికాయంత పెట్టెలు వందకు పైగా తెప్పించి, జనాన్ని ఆపే వెదురు కంచెలకు నడుము ఎత్తున కట్టించింది. జనం అడ్డమొస్తారు కదమ్మా అని పెద్దలు నెత్తి కొట్టుకున్నారు. అడ్డం రావాలనే కట్టానంది. మనిషి ఒళ్ళు తరంగాలను తాగేస్తుంది. ఆ జనమే గోడలై, ఏ పెట్టెకు ఆ పెట్టె తన చుట్టూ ఉన్న నలుగురి మాటే వింటుంది.

ఆ పెట్టెల తీగలన్నీ మైదానం నడుమ పొగడ చెట్టు అరుగు దగ్గరికి చేరతాయి. అక్కణ్ణుంచి ఊరి కేబులు దాకా వెళ్ళడమే చిక్కు. దేవుడి నేల తవ్వకూడదు. ఏనుగులు నడిచే దారి మీద తీగ లాగకూడదు. ధ్వజస్తంభాన్ని మించి గడ నిలబెట్టకూడదు. అందుకని అరుగు మీద వెదురు గడకు కట్టిన గిన్నెలాంటి యాంటెన్నా ఒకటి, శంకుణ్ణి ఇంటి పెంకుల మీద దానికి ఎదురు చూస్తూ మరొకటి. ఆ రెండింటి చూపు కలిసే గీత సరిగ్గా తూర్పు వాడ గొడుగుల మీదుగా పోతుంది. పట్టుగుడ్డ అయితే దాటిపోతుంది. రేకో అద్దమో అయితే అక్కడే ఆగిపోతుంది.

"గోడా!" అంది అనఘ, కొత్త ఉపాయం తోచినట్టు. "అచ్ఛన్ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ ఫోను కుట్టు గదిలోకి తీసుకెళ్ళి, దాని మీద గొడుగు చుట్టేసి, తలుపేసుకోమను. నేను ఇక్కణ్ణుంచి రింగు ఇస్తాను. మోగిందో లేదో చెబితే చాలు."

శంకుణ్ణి గంజి గిన్నె సగం ఎత్తినవాడు అలాగే ఆగాడు.

"గోడా! మోగితే గుడ్డ, మోగకపోతే రేకు అని ఆ పిల్లకు తెలిసిపోదూ? నన్ను మరీ అంత వెర్రివెంగళప్పను చెయ్యొద్దని చెప్పు."

అనఘ నాలుక కరుచుకుంది. ఆయన గబగబా గిన్నె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గిన్నె వెనక మీసం వణకడం తంకమణి చూసింది.

"ఏరా ప్రజీషూ, నువ్వైనా ఓ మాట చెప్పరా," అంది కొడుకుతో.

అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న ప్రజీష్ పనసముక్క నోట్లో వేసుకుని, "నేను బడిపంతుల్ని. బడిలో గొడవలు తీరుస్తా. ఇంట్లోవి నాకు సిలబస్ కాదు," అన్నాడు.

అప్పుడు లోపలి గదిలోంచి ముసలి గొంతు లేచింది. "ఒరే శంకూ! గొడుగు మాట చెప్పావంటే నువ్వు నా కొడుకువే కాదు."

"చెప్పనమ్మా!" శంకుణ్ణి ఛాతీ విరుచుకున్నాడు.

"పూరం నాడు ఆ గొడుగు నాకు కనిపించకపోయినా నా కొడుకువి కాదు. నాకు రెండూ కావాలి."

శంకుణ్ణి ఛాతీ దిగిపోయింది.

కుట్టిమాళు అమ్మ మాటంటే మాటే. పుట్టిన నాటి నుంచి ఒక్క పూరమూ ఆవిడ తప్పలేదు. శంకుణ్ణి కడుపులో ఉన్నప్పుడు కూడా కంచె పట్టుకుని ముందు వరసలోనే నిలబడ్డానని చెబుతుంది. ఈ ఏడు మామిడి పూత వేళ బావి దగ్గర జారిపడి తుంటి విరిగింది. మంచానికి ఎదురుగా గోడకు టీవీ బిగించారు. మైదానం నుంచి మనవడు ఫోను పట్టుకుంటే టీవీలో పూరం కనిపిస్తుందని అనఘ మాట ఇచ్చింది. ఆవిడ ఆ మాట వీధంతా చాటుకుంది. తూర్పు వీధి ముసలమ్మలందరూ ఆ రోజు తమ తమ పీటలు తెచ్చుకుంటామని కబురు పెట్టారు.

ఆ పీటలు తలుచుకుని అనఘ పెట్టెల లెక్క మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది.

*

మధ్యాహ్నం కుట్టిమాళు అమ్మకు తల దువ్వుతూ, "ముత్తశ్శీ, నా మాట పోయేలా ఉంది," అంది.

"పోతే పోయింది. నా గొడుగు పోకూడదు," అంది ముసలావిడ హాయిగా. తర్వాత రెండు అరచేతులూ ఎత్తి ఆడించడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఇది తూర్పు, ఇది పడమర. తూర్పు లేచిందా, పడమర దించుకుని చూస్తుంది. పడమర లేచిందా, తూర్పు దించుకుని చూస్తుంది. ఎదుటివాడి అందం చూడ్డానికి తీరిక ఉండొద్దూ? మా అమ్మమ్మ నాటి నుంచీ అదే వంతు."

దువ్వెన ఆగింది.

"ఎప్పుడూ అంతేనా? రెండూ ఒకేసారి లేవవా?"

"లేచిన పాపాన పోలేదు. లేస్తే మాత్రం ముందు దించినవాడు ఓడినట్టే. మా మామగారు చెప్పేవారు."

అనఘ ముసలావిడ నెత్తి మీద ముద్దు పెట్టుకుని బయటికి పరిగెత్తింది. సగం దువ్విన జుట్టుతో కుట్టిమాళు అమ్మ, "ఇంతకీ నేనేం చెప్పానే?" అంటూ ఉండిపోయింది.

ఎవరి రహస్యమూ అక్కర్లేదు. అరుగు మీద ఒక గిన్నె కాదు, రెండు పెట్టాలి. ఒకటి తూర్పున మామగారి పెంకుల వైపు, ఒకటి పడమట నాన్నగారి పెంకుల వైపు. తూర్పు గొడుగులు లేస్తే పడమటి దారి తెరిచి ఉంటుంది. పడమటివి లేస్తే తూర్పు దారి. ఊరి వంతే తనకు దారి.

తండ్రికి ఫోను చేసింది. భార్గవ మారార్ చెండ తాళ్ళు బిగిస్తున్నట్టున్నాడు, ఆ చప్పుడు వినిపిస్తోంది.

"మా ఇంటి మీద గిన్నా? పెట్టుకో మోళే, కూతురు అడిగితే కాదంటానా! శంకుణ్ణి ఒప్పుకున్నాడా?"

"గోడను అడగాలి అచ్ఛా."

మారార్ పగలబడి నవ్వాడు. "ఇంకా గోడేనా? మాతోనంటే సరే, ఇంట్లో కూడానా? పెట్టుకో. కానీ మా గొడుగుల మాట ఒక్కటి ఎత్తావో, కూతురివని చూడను, చెండకోలతో రెండు తగిలిస్తా."

సాయంత్రం శంకుణ్ణికి సంగతి చెప్పింది. గోడకే చెప్పింది. సూది వేలి తొడుగు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"గోడా! నా తల్లి నా గొడుగు చూడ్డానికి పడమటి వాడ కప్పు కావాల్సి వచ్చిందా?" అన్నాడు చివరికి.

ఈసారి అందులో హాస్యం లేదు. కుట్టు గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. అనఘకు ఆ గడియ చప్పుడు చెంప మీద తగిలినట్టయింది. పడమటి గిన్నె పెట్టడం మాత్రం మానలేదు.

*

పూరం నాడు ఎండ నిప్పులు చెరిగింది. అయినా మైదానంలో ఇసుక వేస్తే రాలలేదు.

అనఘ పొగడ చెట్టు అరుగు మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద పెట్టెలన్నీ పచ్చగా ఉన్నాయి. జనం ఒకరినొకరు తోసుకుంటూ, ఆ పెట్టెలకు ఆనుకుంటూ, తమకు తెలియకుండానే ఆమెకు గోడలుగా నిలబడ్డారు. ఒకడు పాలక్కాడులోని చెల్లెలికి ఏనుగును చూపిస్తున్నాడు. ఒకావిడ ఫోనులో మనవరాలికి మేళం వినిపిస్తూ తనే ఊగిపోతోంది. ఎవరి మొహంలోనూ ఫోను పలకడం లేదన్న విసుగు లేదు. అనఘకు లేచి గంతులెయ్యాలనిపించింది.

పక్కనే ప్రజీష్ చెయ్యెత్తి ఫోను పట్టుకున్నాడు. అందులోంచి కుట్టిమాళు అమ్మ అధికారం వినిపిస్తోంది. "కాస్త ఎడమకు తిప్పరా! ఆ ముందున్న బట్టతల వాణ్ణి కూర్చోమను. ఏనుగు కంటే వాడే కనిపిస్తున్నాడు." వెనక ముసలమ్మల నవ్వులు.

తూర్పు వాడ ఎర్రపట్టు గొడుగులు లేచాయి. జనం హోరెత్తారు. అవి దిగాక పడమటి వాడ ఆకుపచ్చవి లేచాయి. ఇటు లేస్తే అటు, అటు లేస్తే ఇటు, దారి దానంతట అదే మారుతోంది. తండ్రి చెండ అన్ని చెండల్లోనూ వేరుగా తెలుస్తోంది. ఎదుట తూర్పు ఏనుగుల కాళ్ళ దగ్గర శంకుణ్ణి తువ్వాలు తలకు చుట్టుకుని, ఒక్కో గొడుగు అందిస్తున్నాడు. ఇటు చూడటం లేదు.

పొద్దు వాలింది. తూర్పు వాడ ఆఖరి వంతు వచ్చింది.

పదిహేను ముడుచుకున్న గొడుగులు పైకి వెళ్ళాయి. శంకుణ్ణి చెయ్యి ఊపాడు. ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నెమళ్ళు. ఇత్తడి రేకును ఈకలుగా కత్తిరించి, ఒక్కో ఈకకూ అద్దం పొదిగి, మూడు అంతస్తులుగా పురివిప్పిన నెమళ్ళు. వాలుపొద్దు వాటి మీద పడి మైదానమంతా చెదిరింది.

రేకు! అనుకుంది అనఘ. తూర్పు దారి మూసుకుంది. ఫరవాలేదు, పడమర ఉంది.

పడమర వాళ్ళు ఆగలేదు. తూర్పు వాడకు దిమ్మతిరగాలని ముందే అనుకున్నారో, లేక ఆ నెమళ్ళను చూసి ఉండబట్టలేకపోయారో, వంతు రాకుండానే వాళ్ళ గొడుగులూ లేచాయి. వెండి రేకు పువ్వులు, గుండ్రంగా తిరుగుతున్న చక్రాలు. అమ్మమ్మల నాటి వంతు కళ్ళ ముందే తప్పిపోయింది. జనానికి పిచ్చెక్కింది. అరుపులు, ఈలలు, మేళం మీద మేళం.

అనఘ ఒళ్ళోని తెర ఎర్రబడింది.

"అనఘా! ముత్తశ్శి గొంతు ఆగిపోయింది!" ప్రజీష్ అరిచాడు. "లేస్తోంది లేస్తోంది అంటూ ఉండగానే ఆగిపోయింది!"

చుట్టూ వేల చేతులు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నాయి. ఒక్కటీ పలకడం లేదు. ఆ వేలమందీ అనఘకు కనిపించలేదు. మంచం చుట్టూ పీటలు, నిలిచిపోయిన బొమ్మ, దాని ఎదుట నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్న ముసలావిడ కనిపించారు.

ఆమె కళ్ళు గిన్నె నుంచి గీత వెంబడి పరిగెత్తాయి. నడి ఏనుగు మీద దేవుడున్నాడు, ఆ గొడుగు దించకూడదు. గీత దాని మీదుగా కాదు, పక్క ఏనుగు గొడుగు మీదుగా పోతోంది. ఆ ఒక్కటి దించితే చాలు. చెయ్యి సగం ఎత్తింది. ముందు దించినవాడు ఓడినట్టే. ఏ నోటితో అడుగుతుంది? ఎత్తిన చెయ్యి దించేసింది.

అప్పటికే శంకుణ్ణి ఇటు చూస్తున్నాడు. ఆమె మొహం చూశాడు. ప్రజీష్ చేతిలోని ఫోను చూశాడు. తర్వాత గిన్నెను చూసి, దాని చూపు ఎటు పోతోందో, దారం పట్టి సూది బెజ్జం వెతికినట్టు వెతుక్కుంటూ పోయి, తన నెమలి దగ్గర ఆగాడు.

ఏడాది పొడుగునా తలుపేసుకుని కుట్టినది అది.

రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టుకుని పైకి అరిచాడు. పైనున్నవాడికి అర్థం కాలేదు. మళ్ళీ అరిచాడు. వాడు బిత్తరపోయి చూసి, గొడుగు ముడిచాడు.

పద్నాలుగు నెమళ్ళ మధ్య ఒక ఖాళీ.

మైదానం ఒక్కసారి గతుక్కుమంది. ఆ వెంటనే పడమటి వాడ నుంచి "దించారు! తూర్పు దించింది!" అంటూ కేక లేచింది. అనఘ తెర పచ్చబడింది.

ప్రజీష్ ఫోనులోంచి గొంతు మైదానాన్ని చీల్చుకు వచ్చింది. "నెమళ్ళు! ఒసే తంకమణీ, నెమళ్ళే! నా కొడుకు నెమళ్ళు ఎత్తాడే! ఒరే శంకూ... నా తండ్రీ..." కాసేపు ముసలమ్మల ఏడుపో నవ్వో తెలియని గోల. తర్వాత మళ్ళీ ఆవిడే. "అది సరే గానీ, ముందు పన్ను ఊడినట్టు మధ్యలో ఆ సందు ఏమిట్రా?"

శంకుణ్ణి అప్పటికే జనాన్ని తోసుకుంటూ అరుగు దగ్గరికి వచ్చేశాడు. ఆ మాట విన్నాడు. తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. అనఘకూ కళ్ళు మసకబారాయి. ఆయన తల్లికి గొడుగు కనిపించింది. ఆ గొడుగు కోసం ఆయన తూర్పు వాడను ఓడించాడు.

అవతల తూర్పు వాడ పెద్ద గోపాల మేనోన్ పంచె ఎగ్గట్టి, కళ్ళెర్రజేసి, జనాన్ని చీల్చుకుంటూ ఇటే వస్తున్నాడు. ఆయన వెనక ఇంకో పదిమంది.

శంకుణ్ణి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అలవాటుగా అటూ ఇటూ చూశాడు. అంత మైదానంలో ఎక్కడా గోడ లేదు.

"అనఘా," అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"నా ఒట్టు గొడుగు లేచేదాకే. ఇప్పుడు చెబుతున్నా, విను మోళే. గాలికి ఒకదానికొకటి తగలకుండా గొడుక్కీ గొడుక్కీ మధ్య మూరెడు సందు ఉండేలా కొలిచి కుట్టాను. దింపిన దానికి కుడిపక్కనున్న రెండు నెమళ్ళ నడుమ చూడు, కనిపిస్తోందా? నీ గిన్నె చూపు అందులోంచి దూరుతుందా?"

అనఘ ఒక కన్ను మూసి చూసింది. ఇత్తడి ఈకల మధ్య సన్నగా ఆకాశం ఉంది.

"దూరచ్చు అచ్ఛా. కానీ గడ జరపాలి."

శంకుణ్ణి చెప్పులు విడిచేసి అరుగెక్కి, గిన్నె కట్టిన వెదురు గడను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. "ఎటు జరపాలో చెప్పు. ఆ మేనోన్ ఇక్కడికి చేరేలోగా పదిహేనోది మళ్ళీ లేవాలి."